బండి కడగడానికి వెళ్లిన గీస్ల

మా దీవిలో వసంతం వచ్చిందంటే మా భూదేవత నెర్తుస్ తల్లి బండి ఊళ్లు తిరుగుతుంది. బట్ట కప్పిన బండి, ఆవులు లాగుతాయి. లోపల ఏముందో పూజారికి తప్ప ఎవరికీ తెలియదు. తిరిగొచ్చాక అడవి మధ్య చెరువులో బండినీ, తల్లినీ కడుగుతారు. కడిగిన బానిసలు మళ్లీ ఇంటికి రారు; అదే చెరువులో ముంచేస్తారు.

ఆ ఏడు మా ఇంటినుంచి ఒకరిని పంపమన్నాడు పూజారి. మాకు ముగ్గురు బానిసలు. నా మొగుడు హరిమార్ నోరు తెరిచేలోపే వాళ్లలో గీస్ల పేరు చెప్పేశాను. పాలు పితుకుతూ అది ఏదో ఒకటి అనేది, హరిమార్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పెళ్లయిన ఆరేళ్లలో నా మాటకి అతను ఒక్కసారీ అలా నవ్వలేదు. వాళ్ల మధ్య ఇంకేమీ లేదని నాకు తెలుసు. ఆ నవ్వు చాలు.

వెళ్లేముందు గీస్ల అడిగింది: "నీళ్లు చల్లగా ఉంటాయా అమ్మా?"

"ఒక్క పూటేగా. ఓర్చుకో," అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అది మునగడం కళ్లారా చూడాలనిపించింది. మధ్యాహ్నం దాటాక వెనకాలే వెళ్లి పొదల్లో నక్కాను. చెరువంతా పొగమంచు. తడిసిన ఉన్ని వాసన, కుళ్లిన ఆకుల వాసన. ఆవులు నెమరు వేయడం కూడా మానేశాయి. గీస్లతో కలిపి నలుగురు బానిసలు మొలలోతు నీళ్లలో నిలబడి చక్రాలు తోముతున్నారు. పూజారి బండి మీది బట్ట తీశాడు.

బండి ఖాళీ.

కానీ గీస్ల చేతులు గాల్లో దేన్నో రుద్దుతున్నాయి... భుజాలు... మెడ... తర్వాత వంగి, ఎవరి చెవిలోనో చెప్పినట్టు గుసగుసలాడింది. ఎవరో నవ్వారు. ఆడగొంతు. గీస్లది కాదు.

గీస్ల నేనున్న పొదవైపు వేలు చూపించింది.

పూజారి మనుషులు నలుగురినీ నీళ్లలోకి అదిమారు. బుడగలు వచ్చాయి. ఆగాయి. నవ్వు ఆగలేదు... దగ్గరికొచ్చింది.

ఇంటిదాకా ఒకటే పరుగు. గుమ్మంలో కూర్చున్న హరిమార్ నా భుజం మీదుగా చూసి లేచి నిలబడ్డాడు.

"లోపలికి రండి," అన్నాడు మెల్లగా.

నన్ను కాదు. నన్నెప్పుడూ 'రావే' అనే పిలుస్తాడు. అతని ముఖం వెలిగిపోతోంది. అలాంటి చూపు నాకు ఎన్నడూ దక్కలేదు. ఎవరిని చూస్తున్నాడో తెలుసుకోవాలని మండిపోయాను. అయినా తిరగలేకపోయాను...

వెనక ఎవరో చల్లటి వేళ్లతో నా జడ విప్పుతున్నారు.