మట్టికట్ట మీద మేడం

కొత్తగా వచ్చిన ల్యాబ్ ఇంజనీరు, చేరిన రోజే, సైట్ ఇంజనీరు వేయించిన మట్టి పొరను ఫెయిల్ చేసింది.

వంతెన మీదికి ఎక్కే రోడ్డు కోసం ఎత్తయిన మట్టికట్ట కడుతున్నారు. మట్టి పరచి, నీళ్లు చల్లి, రోలర్‌తో తొక్కించాలి. గట్టిపడిందని ల్యాబ్ వాళ్లు తేలిస్తేనే దాని మీద ఇంకో పొర. సైట్ ఇంజనీరు ఆ పై పొర కోసం అప్పటికే మట్టి టిప్పర్లను వరసగా నిలబెట్టుకున్నాడు. ఆమె చిన్న గొయ్యి తవ్వి, మట్టి తూచి, తడి చాల్లేదు, దున్నించి మళ్లీ తొక్కించమంది.

అతనికి ఒళ్లు మండింది. పైన చూస్తే రాయిలా ఉంది కదా అని వాదించాడు.

"పైకి చాలామంది అలాగే ఉంటారండీ," అందామె అతని ముఖం వంకే చూస్తూ.

రోలర్ నడిపే బాబాయ్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

కొన్నాళ్లు ముక్తసరి మాటలే నడిచాయి. రానురానూ ఆమె పాస్ అంటే చాలు, అతనికి ఆ పూటంతా హుషారే. అవసరం లేని చోట కూడా "ఇక్కడొకసారి చూడండి మేడం" అని పిలవసాగాడు. అవసరం లేదని తెలిసీ ఆమె వచ్చేది.

అంతలో ఆమెకు వేరే సైట్‌కు బదిలీ అయింది. అతను ఏమనాలో తోచక కంగ్రాట్స్ చెప్పి, ఆ మాటన్నందుకు రోజంతా తనను తానే తిట్టుకున్నాడు.

ఆమె వెళ్లాల్సిన రోజు తెల్లారుతూనే వాన విరుచుకుపడింది. అతను పరుగున వెళ్లేసరికి, కట్ట మీద నిలిచిన నీళ్లు ఒక పక్క వాలును కోసేస్తున్నాయి. బస్సెక్కాల్సిన మనిషి మోకాళ్ల దాకా బురదలో, పారతో కాలవ తీస్తోంది. బాబాయ్ కూడా వచ్చి కలిశాడు. ముగ్గురూ టార్పాలిన్ పరిచి, ఇసుక బస్తాలు పేర్చారు. వాన తగ్గేసరికి కోత ఆగింది. కట్ట నిలిచింది.

"మీ బస్సు వెళ్లిపోయుంటుంది," అన్నాడతను.

"వెళ్లిపోయింది."

"నేను కంగ్రాట్స్ అన్నది అబద్ధం. మీరు వెళ్లడం నాకిష్టం లేదు. మీరంటే ఇష్టం."

ఆమె చెంప మీది బురద తుడుచుకోబోయి ఇంకాస్త పూసుకుంది. "ఇదేదో నిన్నే చెప్పుంటే పొడిబట్టల్లో వినేదాన్ని కదా."

అతను తేరుకునేలోపే ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసి, బస్సు తప్పిపోయిందని చెప్పింది. ఎందుకని అవతల గట్టిగానే అడిగినట్టున్నారు.

"నువ్వే అడగమ్మా, నేను చెప్పినతను ఇక్కడే ఉన్నాడు," అంటూ ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

కంగారులో అతని నోరు జారింది. "హలో, అత్తయ్యగారూ..."

అవతల నవ్వు వినిపించింది.

"ముందు దాన్ని తల తుడుచుకోమను బాబూ. మిగతాది ఇంటికొచ్చి మాట్లాడుదువు గానీ."