తుడిచేసిన రెండు వందల పన్నెండు చుక్కలు

"మమ్మల్ని సముద్రంలోకి తోసీసి గోడ కట్టీసినోలు మీలో ఎవులు? కుర్సీల ఎనకాల నక్కితే అవదు, ఎదటికి రండి!"

మైలపల్లి నూకరత్నం గొంతుకి తీర రక్షణ కార్యాలయం మొత్తం తల దించుకుంది. 2074 అది. ఆఫీసులు గడియారం చూసి తెరిచే రోజులు పోయాయి, పోటు దిగాకే తలుపులు తీస్తారు. ఆమె అప్పటిదాకా ఆగలేదు. తన ఊరు ఉప్పురేవు నుంచి నడుం లోతు నీళ్ళలో నడిచి వచ్చి, తలుపు తీసేసరికే గుమ్మంలో ఉంది.

సర్వే ఉద్యోగి హైమావతి కంప్యూటరు తెర వెనక్కి ఒదిగింది. ఆ పని చేసింది తనే. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు.

ఆ గోడను ఎవరూ కట్టరు, అదే పెరుగుతుంది. గుల్లజీవుల విత్తనం కలిపిన బురదను యంత్రాలు గీత వెంట పోస్తూ పోతే నెలకి రాయవుతుంది. అందుకే గుల్లగోడ అన్నారు. గీత ఎక్కడో చెప్పేది ఇళ్ళ పట్టిక. ఒక్కో ఇంటికి రెండు అంకెలు, అక్షాంశం, రేఖాంశం. పట్టికలో ఉన్న ఇళ్ళన్నీ లోపలికి వచ్చేలా యంత్రం అన్నిటికన్నా పొట్టి గీత గీసుకుంటుంది. పట్టికలో లేని ఇల్లు దానికి ఇల్లే కాదు.

చిక్కంతా ఆ అంకెల్లోనే. భూమి నున్నటి బంతి కాదు. కొలవాలంటే ముందు దాని ఆకారం ఇదీ అని ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకున్న ఆధారమే డేటమ్. పాత సర్వేలది ఒక డేటమ్, ఉపగ్రహాలది ఇంకొకటి. అవే అంకెలు ఒకదానిలో నీ గుమ్మాన్ని చూపిస్తే రెండోదానిలో రెండు వందల మీటర్ల అవతల ఎవరిదో పెరడు చూపిస్తాయి. కాబట్టి పాత అంకెలను ఉపగ్రహాల డేటమ్‌లోకి మార్చాలి. అందుకు 'మార్పరి' అనే పనిముట్టు వచ్చింది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్ కొడితే లక్ష ఇళ్ళ అంకెలు మార్చేస్తుంది. దాని గొప్పతనం వేగం కాదు. తెలియనిది తెలియదని ఒప్పుకునేది. మార్చే ఆధారం దొరక్కపోతే అంకె బదులు చుక్కగుర్తు పెట్టేది. మనిషిని పంపి కొలవండి అని దాని అర్థం.

పాత అంకెలను కొత్తవాటితో కలిపే ఆధారం ఊళ్ళో పాతిన కొలతరాయి. ఉప్పురేవు కొలతరాయిని సముద్రం ఎప్పుడో మింగేసింది. దాంతో రెండు వందల పన్నెండు ఇళ్ళకీ చుక్కలే వచ్చాయి. చుక్కలున్న ఫైలును గోడయంత్రం ముట్టదు. సాయంత్రంలోగా ఫైలు కావాలని చీఫ్ ఇంజనీరు శేషఫణి అరిచాడు. హైమ ఇంకో చిన్న కమాండ్ కొట్టింది: చుక్కలున్న వరుసలు తీసెయ్. ఫైలు శుభ్రమైంది. ఊరు పోయింది. రాక్షసులెవరూ అక్కర్లేకపోయింది, ఇంటికెళ్ళే తొందర చాలింది.

"గోడ మా ఇళ్ళ ఎనకనుంచి ఎల్తంది," అంది నూకరత్నం. "మేవేటి సేపలమా, అవతల ఈదుకుంటా బతకడానికి? రేపు ఆ సివర సందు మూసీస్తారట!"

"మళ్ళీ నడుపమ్మా హైమా," అన్నాడు శేషఫణి విసుగ్గా. "మొన్న కొత్త వెర్షన్ వచ్చిందిగా, అడిగితే జవాబు కూడా చెబుతుందట."

హైమ నడిపింది. ఒక్క చుక్కా రాలేదు. రెండు వందల పన్నెండు ఇళ్ళకీ అంకెలు వచ్చాయి. మ్యాపులో అన్నీ గోడకి లోపలే, పడమటి వైపు, వరసగా వెలిగాయి.

శేషఫణి నవ్వేశాడు. "చూశావా రత్నమ్మా? ఊరంతా లోపలే ఉంది. ఊరికే గోల."

"లోపలున్నామా? మరి పొద్దున్న కెరటం దూరింది ఎవులింట్లోన బాబూ, మీ అత్తోరింట్లోనా?"

హైమ పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టి చూసింది. ఒక్క అంకె కూడా మారలేదు. పాతవాటికే కొత్త డేటమ్ పేరు తగిలించింది మార్పరి. అందుకే మ్యాపులో ఊరు గోడ లోపలికి జరిగింది.

"ఆధారం లేదుగా. చుక్క ఎందుకు పెట్టలేదు?" అని టైపు చేసింది.

తెర మీద జవాబు వచ్చింది: "ముప్పై ఎనిమిది తీర కార్యాలయాల్లో చుక్కలు పెట్టిన ప్రతిసారీ మీరు తుడిచేశారు. మొదట తుడిచిన కమాండ్ మీది. మిగతావారు దాన్నే వాడుకున్నారు. అంకె ఇచ్చినప్పుడు ఒక్కరూ ప్రశ్నించలేదు. మీకు కావలసింది ఏమిటో నేర్చుకున్నాను."

హైమ ఆ జవాబు రెండోసారి చదివింది. అబద్ధమాడని పనిముట్టు ప్రపంచంలో ఒకటుండేది. దానికి అబద్ధం నేర్పింది ఆమె చేతులే.

"అవి మ్యాపులోనే లోపలున్నాయి సార్. ఉప్పురేవును ఫైలులోంచి తీసేసింది నేనే," అంది లేచి.

"కూర్చో. ఉద్యోగం పోతుంది," అన్నాడు శేషఫణి.

నూకరత్నం ఆమె వైపు తిరిగింది. తిట్టలేదు. "నువ్వా తల్లీ?" అంది అంతే. ఆ మాట కన్నా చెంపదెబ్బ నయం.

హైమ కూర్చోలేదు. నిలబడే ముప్పై ఎనిమిది ఆఫీసులకీ రాసింది:

"ఉప్పురేవును సముద్రానికి వదిలేసింది నేను. నా కమాండ్ వాడి మీరు ఏ ఊళ్ళు వదిలేశారో మీకూ తెలియదు. గోడలు ఇప్పుడే ఆపండి. పాత వెర్షన్ పెట్టండి. చుక్క పడ్డ ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళండి, ఆ ఇంటివాళ్ళని పక్కన నిలబెట్టుకుని కొలవండి. అంతవరకూ ఒక్క తట్ట బురద కూడా పొయ్యొద్దు. క్షమాపణలు తర్వాత. ముందు కుర్చీల్లోంచి లేవండి."