జూటు గోడౌనులో సిరుగు సీర

రాజాం నుంచి పాలకొండ ఎల్లీ రోడ్డులో, ఊరు దాటీసరికి కుడిసేతి పక్క మూతపడిన జూటు గోడౌనొకటి ఉన్నాది. పొద్దుగూకిందంటే అటు ఎవులూ పోరు. ఆటోవోలు కూడా అక్కడికొచ్చీసరికి తల అటు తిప్పకండా లాగించీస్తారు.

ఎందుకంటే... అక్కడ దేముడమ్మ ఉన్నాది.

దేముడమ్మంటే ఎవులనుకున్నారు? ఆ గోడౌనులో సిరిగిన గోనెసంచులు కుట్టిన మనిసి. ఓరోజు కుడతా కుడతా ఉండగా సంచుల దొంతి మొత్తం మీద పడిపోనాది. లాగి సూసీసరికి ప్రాణం నేదు. సేతిలో సూది మటుకు ఒదల్నేదట.

ఆ తరవాత్నుంచి రాత్రయితే సాలు — టప్... టప్... — గోనిలో సూది దిగిన సప్పుడు. ఓసారి ధాన్యం లారీ ఒకటి టైరు పేలిపోయి ఆ గుమ్మం ముందరే రాత్రంతా ఆగిపోనాది. పైనున్న బస్తా ఒకటి సిరిగి గింజలు కారిపోతన్నాయి. తెల్లారి సూస్తే బస్తా కుట్టీసి ఉన్నాది! ఆ డ్రైవరు మళ్ళీ ఈ రోడ్డెక్కితే ఒట్టు.

నాను దర్జీని. ముప్పయ్యేళ్ళు మిషను తొక్కినోణ్ణి. దెయ్యాలంటే నవ్వీవోణ్ణి. అయితే రాత్రిపూట ఆ రోడ్డున రమ్మంటే మటుకు నాకేదో పని గుర్తొచ్చీస్తాది.

అలాంటి గోడౌనుని సినిమావోలు అద్దెకి తీసుకున్నారు!

నలభయ్యేళ్ళ కిందటి కూలి మనిసి కథట. బట్టలెట్టుకోడానికి తడి తగలని పెద్ద జాగా కావాలన్నారు. రాజాంలో ఒక్కడైనా నోరిప్పి ఇదీ సంగతని సెప్తే కదా! ఆ సినిమాకి బట్టలు తయారుసేసీ పెద్దాయన మోహనకృష్ణ గారు. ఆయనకి కుట్టుపనొచ్చిన మనిసి కావాల్సొచ్చి మా కుమారిని పనిలోకి తీసుకున్నాడు.

కుమారి నా మేనకోడలు. దానికి సూది పట్టడం నేర్పింది నానే. పదిహేనేళ్ళుగా జాకెట్లూ నైటీలూ కుట్టి కుట్టి నడుం ఒంగిపోతన్నాది. అలాంటిదాన్ని పట్టుకుని ఆయనన్నాడు కదా —

"ఈ సినిమా అయ్యేదాకా బట్టలు జాగ్రత్తగా చూసుకో అమ్మా. హైదరాబాదు తీసుకెళ్తాను. యూనియన్ కార్డు ఇప్పిస్తాను. తెరమీద నీ పేరు పడుతుంది."

ఆ గుంట సంబరం సూడాలి! రెండ్రోజులు అన్నం తిన్నేదు. నాకూ కడుపు నిండిపోనాది, దానికి సెప్పనేదు గాని.

ఒచ్చిన సిక్కల్లా ఒకటే. రాత్రులు ఆ బట్టల దగ్గిరే పడుకోవాలి.

"ఒలే, మతిగానీ పోయిందేటి? ఆ గోడౌనులో పడుకుంటావా?" అన్నాను.

"దెయ్యాల్లేవని నువ్వే కదా మావయ్యా సెప్తావు?"

"సెప్తాను. పగలు సెప్తాను."

నవ్వీసి సాప సంకనెట్టుకుని ఎలిపోనాది.

అక్కడ మొదటి రెండు రాత్రులూ జరిగిందంతా అది నాకు సెప్పిందే.

కథలో హీరోయినుని ఎవుడో సెయ్యి పట్టి లాగితే సీర బుజం దగ్గిర జానెడు సిరుగుతాది. నీలం నేత సీర. అలాంటివి రెండుంటే ఒకటి అంతకుముందే బురద సీనులో పాడైపోనాది. మిగిలింది ఇదొక్కటే. సీను సగం తీసీసరికి వానొచ్చీసింది. మిగతా సగం అయ్యీదాకా ఆ సిరుగు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పోగు పెరక్కూడదు, తరక్కూడదు. ఎంత సిరిగిందో, పోగులెటు వేలాడుతున్నాయో ఫోటోలు తీసి కుమారికిచ్చి, "ఈ సినిమాకి ప్రాణం ఈ చిరుగే" అన్నాడు మోహనకృష్ణ గారు.

మొదటి రాత్రి ఆ సీరని కొయ్యకి తగిలించి పడుకున్నాది. తెల్లారి లేచి సూసింది.

సిరుగు కుట్టీసి ఉన్నాది.

సన్నటి కుట్టు. తిరగేసి సూస్తేగాని కుట్టనిపించదు. ఊళ్ళో ఎవుల్ని కుట్టమన్నా అలగ కుట్టలేరు... కుమారి గబగబా బ్లేడుతో కుట్టు తెంపీసింది. తెంపితే నేతగుడ్డ ఊరుకుంటాదా? సిరుగు ఇంకో రెండంగుళాలు పెరిగింది. మోహనకృష్ణ గారు ఫోటో పక్కన పెట్టి సూసి మొహం మాడ్చుకున్నాడు.

"చిరిగిన బట్ట కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదా? ఇది చిరుగు కాదమ్మా, కాస్ట్యూము!"

"నాను కుట్టనేదు సార్" అన్నాది. నమ్మితే కదా!

ఆరోజూ మళ్ళీ వానే. సీను అవ్వలేదు.

రెండో రాత్రి సీరని రేకుపెట్టెలో పెట్టి తాళం ఏసింది. తాళంసెవి మెళ్ళో నల్లతాడుకి కట్టుకున్నాది. తెల్లారీసరికి పెట్టె తాళం ఏసినట్టే ఉన్నాది... సెవి మెళ్ళోనే ఉన్నాది... పెట్టె తీసి సూస్తే — లోపల సీర కుట్టీసి ఉన్నాది.

ఈసారి తెంపీసరికి గుడ్డ పీసుపీసుగా వొచ్చీసింది. ఇంకోసారి తెంపితే అక్కడ సిరుగుండదు, కన్నమే.

ఆరోజూ వాన తగ్గనేదు. మోహనకృష్ణ గారు కేక కూడా ఎయ్యనేదు. మెల్లిగా అన్నాడు. "రేపు పొద్దున్న ఆఖరి షాటు. ఈ ఒక్క రాత్రీ ఈ చీర ఇలాగే ఉండాలి. లేదంటే నీ దారి నువ్వు చూసుకో తల్లీ."

కుమారి నా కొట్టుకొచ్చి మిషను మీద తలెట్టుకుని ఏడిసింది. "పదిహేనేళ్ళకి ఒక్కసారి అదృష్టం నా గుమ్మంలోకి వొచ్చింది మావయ్యా. దీన్ని ఎవులు నాక్కాకండా సేస్తన్నారు?"

"నిద్రపోకు. ఫోను ఈడియోలో పెట్టు. ఎవులో దొరుకుతారు" అన్నాను.

మూడో రాత్రి సీరని మడతపెట్టి తలకింద పెట్టుకున్నాది. ఎదురుగా పెట్టెమీద ఫోనుకి సార్జరు తగిలించి ఈడియో ఆన్‌సేసింది. నాతో మాటాడ్డానికి సినిమావోలిచ్చిన బటన్ల డబ్బాఫోను సేతిలో పెట్టుకున్నాది. సిన్న బల్బొకటి ఎలుగుతున్నాది.

పన్నెండు దాటేక నాకు ఫోనొచ్చింది.

"మావయ్యా..." గుసగుసగా అన్నాది.

"ఏటే?"

"టప్... టప్... మని ఇనపడతన్నాది."

"రేకుల మీద వాన సుక్కలే, అవి."

"వాన లేదు మావయ్యా..."

ఫోను కట్టయిపోనాది. మళ్ళీ సేస్తే కలవనేదు.

సిగ్గిడిసి సెప్తన్నాను — నా కాళ్ళు గుమ్మం దాటనేదు. ముప్పయ్యేళ్ళ మొగతనం ఆ రాత్రి ఏటయిపోనాదో! నా సేతుల్తో ఎత్తుకు తిప్పిన గుంట అక్కడ ఒంటరిగా ఉన్నాదని తెలిసి కూడా, తెల్లారిందాకా మంచమ్మీద కూకుని దేముళ్ళందరికీ దణ్ణాలెట్టుకున్నాను.

ఎలుగొచ్చీసరికి సైకిలేసుకుని పరిగెత్తాను. ఎల్లీసరికి కుమారి గుమ్మంలో నిలబడి ఉన్నాది. కళ్ళంట నీళ్ళు. సేతుల్లో ఆ నీలం సీర. మళ్ళీ కుట్టీసి ఉన్నాది.

కానీ అది ఏడవడం నేదు... నవ్వుతున్నాది!

"మావయ్యా, నానే! దెయ్యమూ లేదు, భూతమూ లేదు. నానే కుట్టుకుంటన్నాను!"

రాత్రి మాటాడతా ఉండగానే డబ్బాఫోను సార్జింగు అయిపోయి, ఆ సప్పుడు ఇంటా ఇంటానే కునుకు పట్టీసిందట. ఈడియో తీసిన ఫోను సూపించింది. నిజమే. బల్బెలుగులో కుమారి లేచి కూకున్నాది. కళ్ళు మూసే ఉన్నాయి. నిద్దట్లోనే తలకిందున్న సీర తీసి, జాకెట్టుకి గుచ్చుకున్న సూదిలాగి కుడతన్నాది. పదిహేనేళ్ళు సిరుగు కనపడితే కుట్టిన సెయ్యి, నిద్దరోతే ఊరుకుంటాదా? సూదేసినప్పుడల్లా గోరు తగిలి టప్‌మంటన్నాది. నాకు గుండెలమీంచి బండ దించినట్టయ్యింది. అంతసేపే సూసి ఆపీసి, ఇద్దరం మోహనకృష్ణ గారి దగ్గిరికి పరిగెత్తాం.

ఆయన ముందర కోపంగానే ఫోను అందుకున్నాడు. సూస్తా సూస్తా మెత్తబడిపోయాడు. సీర అందుకుని కుట్టు మీద ఏలు రాసేడు.

"నీలాంటి చెయ్యి నా దగ్గర ఇంకోటి లేదు కుమారీ" అన్నాడు. "షాటు అటు పక్కనుంచి తీయిస్తాను. భుజం కనపడదు. నువ్వు సామాను సర్దుకో. కార్డు సంగతి నేను చూసుకుంటాను."

కుమారి నా సెయ్యి గట్టిగా పట్టుకున్నాది. నాకు కళ్ళు సెమర్చీసాయి. ఈసారి దాసుకోలేదు.

ఈడియో ఆయన సేతిలో ఇంకా ఆడతానే ఉన్నాది. అందులో కుమారి కుట్టడం అయిపోయి, దారం పళ్ళతో కొరికి, సీర నేలమీదే ఒదిలీసి ఒరిగిపోనాది. పడుకునే ఉన్నాది.

ఆయన ఫోనుని కళ్ళకి దగ్గిరగా పెట్టుకున్నాడు. మొహంలో నెత్తురు సుక్క నేదు. గొంతు తగ్గించి అడిగేడు —

"నువ్వు నిద్రపోయావు కదమ్మా... మరి ఈ చీర మడతపెట్టి, నీ తల పైకెత్తి, కింద పెడుతున్న ఆవిడ ఎవరు?"