మానకూడని పొడి

లక్ష్మీప్రసాద్ శవాసనంలోనే చనిపోయాడు.

నవంబరు ఇరవై ఆరు. ఉదయం 6.40. పార్కు వెనక రేకుల షెడ్డులో ఇరవై ఆరు మంది చాపల మీద వెల్లకిలా పడుకున్నారు. 6.50కి యోగా మాస్టారు శ్యామసుందర్ లెమ్మన్నాడు. అందరూ లేచారు. నల్లపంచె, మెడలో అయ్యప్ప మాల ఉన్న ఆయన మాత్రం లేవలేదు.

ఎస్.ఐ. అరుణజ్యోతి 7.25కి వచ్చింది. చాప మీద పుల్లటి వాంతి వాసన. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. అరవై రెండేళ్ళ మనిషి. ఉక్కు ఫ్యాక్టరీ రైల్ మిల్లులో రిటైరయ్యాడు. ముఖం పళ్ళెంలా గుండ్రంగా నిండి ఉంది. చేతులేమో పుల్లలు. ముంజేతుల మీద కమిలిన మచ్చలు.

"మాస్టారి పౌడర్ వేసుకున్నాకే ఆయన బుగ్గలు నిండాయండీ. చేపలు, గుడ్లు లేకుండానే ఎంత బలమో," అంది పక్క చాప మీది హైమవతి, చనిపోయిన మనిషి ముఖం వంక మెచ్చుకోలుగా చూస్తూ.

అరుణజ్యోతి ఇంటి అడ్రసు రాసుకుని లేచింది.

వైశాలి నగర్‌లో ఇల్లు. 8.10కి వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. లక్ష్మీప్రసాద్ భార్య దుర్గాదేవి ఏడవడం లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు వేలు చూపిస్తోంది. కోడలు వందన పక్కనున్న దుర్గ్ ఊరి హిందీ పిల్ల. కొడుకు రాజాబాబు ప్రేమించి చేసుకున్నాడు. మూడేళ్ళయినా ఆ ఇంట్లో ఆమె పరాయిదే.

"మాలేసుకుని తొమ్మిది రోజులమ్మా. ఆ తొమ్మిది రోజులూ దాని సేత్తో వండిన బిచ్చే తిన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులని వంట దానికిచ్చినాను. బయటిది నోట్లో ఎట్టుకోలేదు. ఇంకేటి కావాలి మీకు?" అంది దుర్గాదేవి.

వందన తలెత్తింది. "దీదీ, తెల్లారగట్ల తలస్నానం చేసి, తడిబట్టలతో వండాను. వేరే గిన్నెలు. ఉప్పు కూడా రుచి చూడలేదు, ఎంగిలవుతుందని."

రాజాబాబు హెల్మెట్ చేత్తో పట్టుకుని గోడ వంక చూస్తున్నాడు. నైట్ షిఫ్టు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు. భార్య తరఫున ఒక్క మాట లేదు.

అరుణజ్యోతి పద్ధతి ప్రకారం వంటింట్లోవన్నీ స్వాధీనం చేసుకుంది. బియ్యం, పప్పు, పెరుగు గిన్నె. అలమరలో పై అరన మాస్టారి పౌడర్ డబ్బా కూడా దొరికింది. 'సత్త్వబల'. యోగా చేసే శాకాహారులకు సంపూర్ణ శక్తి. శెనగ, బఠాణీ, పెసర, అశ్వగంధ. మొగుడూ పెళ్ళాలిద్దరూ పద్నాలుగు నెలలుగా ఆ డబ్బాలోదే వేసుకుంటున్నారు. మాల వేసుకున్న రోజునుంచీ ఆయన దాన్ని ముట్టలేదు. బయట తయారైంది కదా, దీక్షకు పనికిరాదని. అందుకే అరుణజ్యోతికి కూడా ఆ డబ్బా మీద అనుమానం రాలేదు. తినని దానితో మనిషెలా పోతాడు?

పోస్టుమార్టంలో గాయాలు లేవు. విషం సంగతి ల్యాబ్ చెప్పడానికి వారాలు పడుతుంది. పై ఆఫీసరుకు అంత ఓపిక లేదు. కోడలిని లోపల వేస్తే నిజం తనే చెబుతుందన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం 3.15కి ఫోన్. దుర్గాదేవికి వాంతులు. కళ్ళు తిరిగి పడిపోయింది. వీధి వీధంతా వందన మీదికి వచ్చింది. మామను తిన్నది, అత్తనూ తింటోందన్నారు.

అరుణజ్యోతి ఆ ఇంటికి వెళ్ళి ఒకే ప్రశ్న నలుగురిని అడిగింది. మూడు రోజులుగా దుర్గాదేవి ఏం తింది? నలుగురూ ఒకటే చెప్పారు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటి నుంచి వచ్చిన అన్నమే తింది. కోడలి చేతి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అంటే జబ్బు వందన చేతి నుంచి రాలేదు.

మరి ఎక్కణ్ణుంచి? స్టేషన్‌కి వచ్చి, స్వాధీనం చేసుకున్న సామాను మళ్ళీ బల్ల మీద పరిచింది. ఆయన తొమ్మిది రోజులు మానేసినదీ, ఆమె మూడు రోజులుగా తినలేకపోయినదీ ఒక్కటే. 'సత్త్వబల'. ఆమె చేత మాన్పించింది ఎవరు? డబ్బా పట్టుకొచ్చిన తనే.

మూత లోపలి వైపు హిందీలో చిన్న చీటీ అంటించి ఉంది. మొదటి రోజే చదివింది. చదివి వదిలేసింది. 'మధ్యలో మానరాదు. మానదలిస్తే వారానికి పావు చెంచా చొప్పున తగ్గించాలి.'

అరుణజ్యోతి ఇరవై ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్న మనిషి. పెసరపప్పు వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ మానేసినవాళ్ళను ఎక్కడా చూడలేదు.

5.05కి దుర్గాదేవిని చేర్చిన ఆసుపత్రి డాక్టర్‌కి ఫోన్ చేసింది. అలా తగ్గించుకుంటూ మానాల్సింది ఏముంటుందని అడిగింది. డాక్టర్ వెంటనే చెప్పాడు. "స్టెరాయిడ్. నెలల తరబడి వాడితే ఒళ్ళు తన సొంత మందు తయారుచేసుకోవడం మానేస్తుంది. ముఖం ఉబ్బుతుంది. చర్మం కములుతుంది. హఠాత్తుగా ఆపితే, పైగా చన్నీళ్ళ స్నానాలు, ఒంటిపూట తిండి... ప్రాణం పోతుంది." ఫోన్ పెట్టేసి దుర్గాదేవి మంచం దగ్గరికి పరుగెత్తాడు.

మర్నాడు ఉదయం 6.00. అదే షెడ్డు, అదే జనం. అరుణజ్యోతి వందననూ తీసుకొచ్చింది. వీధి అంతా ఎవరిని తిట్టిందో ఆ పిల్ల ముందే నిజం చెప్పించాలనుకుంది.

శ్యామసుందర్ తెల్లబట్టల్లో పద్మాసనం వేసుకుని ఉన్నాడు.

"చీటీ ఎవరు రాశారు?"

"ఆయుర్వేదంలో అలాంటి నియమాలు..."

"శెనగపిండికా?"

శ్యామసుందర్ కళ్ళు మూసుకున్నాడు.

"మాల వేసుకునే ముందు ఆయన మీకు ఫోన్ చేశాడు. పదిహేడో తారీకు, రాత్రి 8.12. రికార్డు ఉంది. పొడి ఆపేస్తున్నానన్నాడా?"

"అన్నాడు. ఇది సాత్వికమే, వేసుకోవచ్చన్నాను. వినలేదు."

"ఒక్కసారి ఆపితే ప్రమాదమని చెప్పారా?"

శ్యామసుందర్ చాప అంచు సరిచేశాడు. "చెప్తే ఎందుకని అడుగుతాడు కదా మేడమ్."

తొమ్మిది రోజులూ ఈ మనిషి రోజూ వచ్చి, ఎదురుగా వాడిపోతున్న మనిషిని చూస్తూ, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పాడు.

అతన్ని జీపెక్కించాక గొడవ మొదలైంది. సంచుల్లోంచి డబ్బాలు బయటికొచ్చాయి. ఒకరు మురిక్కాలవలోకి విసిరారు. హైమవతి ఉమ్ముతూనే ఉంది.

"పారెయ్యకండి," అంది అరుణజ్యోతి. ఆ మాట అంటుంటే తనకే అసహ్యం వేసింది. "ఆసుపత్రికి పదండి. డాక్టర్ చెప్పేదాకా ఎవరూ ఒక్క పూట కూడా మానకండి."

హైమవతి ముక్కు మూసుకుని ఆ పూట చెంచా నోట్లో వేసుకుంది. నిన్నటిదాకా బలమని మింగినదే.

9.20కి ఆసుపత్రిలో దుర్గాదేవి దిండుకు ఆనుకుని కూర్చుంది. ఇంజెక్షన్లు పనిచేశాయి. వందన మంచం పక్కన నిలబడింది. అరుణజ్యోతి జరిగిందంతా చెప్పింది. రాజాబాబు తలుపు దగ్గరే ఉన్నాడు, తలొంచుకుని. దుర్గాదేవి దుప్పటి పోగులు లాగింది. తర్వాత కోడలి వైపు చూడకుండానే అంది.

"గొంతెండిపోతంది. కాసిన్ని టీ నీళ్ళియ్యే."

వందన బయటికెళ్ళి కాగితం గ్లాసుతో వచ్చింది. అత్త చేయి చాపింది. వందన చేతికివ్వలేదు. పక్కనున్న స్టూలు మీద పెట్టింది.

"క్యాంటీన్‌ది. నేను కాచలేదు," అంది. "తాగండి."