మిన్నీ బేలో మూడున్నరకి

జులై వానకి ధరణి నిలువునా తడిసింది గానీ, ఆమె తెచ్చిన ప్రశ్నపత్రాల మీద ఒక్క చుక్క పడలేదు.

అబర్డీన్ బజార్లో బస్టాండు వెనక జెరాక్స్ షాపులోకి పరుగున వచ్చి, దుపట్టా కింద రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి దాచుకున్న కాయితాల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టింది. జడ కొసనుంచి నీళ్ళు కారి నేలమీద చిన్న మడుగు కట్టాయి.

"భయ్యా, ఒక్కోటి నలభై. స్కూలు పరీక్షలవి. పేజీలు తారుమారు కాకూడదు."

ఈ దీవుల్లో కూరగాయలమ్మేవాడి నుంచి బస్సు కండక్టరు దాకా అందరూ భయ్యాలే. షాపు నడిపే జితేంద్రకి రోజుకి వందసార్లు ఆ పిలుపు వినడం అలవాటే. ఆ రోజెందుకో మొదటిసారి అది చెవికి గుచ్చుకుంది.

కాపీలు తీసి, కట్ట కట్టి, పైన ఒక చిన్న చిట్టీ పెట్టి ఇచ్చాడు.

"ఇదేంటి? ఇది నాది కాదే."

"మాది. ఫ్రీ. ఈ నెల ఆటుపోట్ల టైములు. ఎర్ర పెన్సిల్ గీత ఉన్న రోజుల్లో మిన్నీ బే దగ్గర నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. అడుగున రాళ్ళన్నీ బయటపడతాయి. నీలం రంగు నక్షత్ర చేపలుంటాయి, వంకాయలా పడుండి ముట్టుకుంటే నీళ్ళు చిమ్మే జీవులుంటాయి. ఒక్కసారి చూశారంటే ఇంక వదల్లేరు."

ధరణి చిట్టీని చూసింది, అతన్ని చూసింది.

"మా నాన్న వేటకెళ్తాడు. జంగ్లీఘాట్లో దాలయ్య అంటే ఎవరైనా చెప్తారు. ముప్పై ఏళ్ళుగా సముద్రం మీదే ఉన్నాడు. ఒక్కరోజు కూడా సరదాకి దాన్ని చూడ్డానికి వెళ్ళలేదు."

"అయితే ఆయన్ని కూడా తీసుకురండి."

"బాగుంది. ఆయన వింటే వల తెచ్చి మీ షాపు మీద వేస్తాడు."

నవ్వుతూ వానలోకి వెళ్ళిపోయింది. చిట్టీ మాత్రం ప్లాస్టిక్ సంచిలో, ప్రశ్నపత్రాలతోపాటు భద్రంగా వెళ్ళింది. జితేంద్ర అది గమనించాడు. ఆరేళ్ళుగా నెలకి నలభై చిట్టీలు పంచుతున్నాడు. తడవకుండా వెళ్ళిన చిట్టీ అదొక్కటే.

మిగతావి ఏమయ్యేవో అతనికి బాగా తెలుసు. టీ బండివాడు వాటిలో సమోసాలు పెట్టేవాడు. పక్క షాపులో వాచీలు బాగుచేసే టైటస్, చిన్ననాటి స్నేహితుడు, మడతపెట్టి ఊగే టేబుల్ కాలికింద పెట్టేవాడు. "వచ్చే వారం పక్కా, యార్," అని ఆరేళ్ళుగా అంటున్నాడు. కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాళ్ళు కూడా "ఆ, వస్తాంలే" అన్నవాళ్ళే. ఒక్కరూ రాలేదు.

ధరణి స్కూలు ఆఫీసులో క్లర్కు. వారానికి రెండుమూడుసార్లు ఏదో ఒక కాయితంతో వచ్చేది.

"వెళ్ళారా?" అని అడిగేవాడు.

"చూద్దాం," అనేది.

ఒకరోజు ఎదురు తిరిగింది. "ఎప్పుడూ మీ రాళ్ళ గొడవేనా? మీకు క్యారమ్స్ వచ్చా?"

"రాదు."

"నేర్పుతా. మా వీధిలో నన్ను కొట్టినవాడు లేడు. ఆదివారం మా ఇంటికి రండి, మా నాన్న కూడా ఆడతాడు. ఒక్కసారి ఆడారంటే ఇంక వదల్లేరు."

జితేంద్ర తల గోక్కున్నాడు. "క్యారమ్సా... చూద్దాం."

"విన్నారా, జితేంద్ర గారూ? ఇప్పుడు చూద్దామన్నది మీరే."

అతను ఆ ఎత్తిపొడుపుకి సిగ్గుపడాల్సింది. కానీ భయ్యా పోయి జితేంద్ర గారు వచ్చిన సంతోషంలో పడి అది మర్చిపోయాడు.

డిసెంబరులో, అతను అడగకుండానే, కౌంటర్ మీద చిట్టీ పరిచి వేలు పెట్టి చూపించింది. "ఇరవయ్యారు, ఆదివారం. పున్నమి. మధ్యాహ్నం మూడున్నరకి బాగా ఆటు. వస్తాను."

"నిజంగా?"

"మూడున్నర అంటే మూడున్నర. లేటుగా వస్తే వెళ్ళిపోతాను."

గోడ అవతల టైటస్ దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకి భూమి ఊగింది. షాపులో ఉన్న రెండు జెరాక్స్ మిషన్లలో పాతది బోర్లా పడి దాని అద్దం రెండు ముక్కలైంది. గంట దాటేసరికి సముద్రం రోడ్ల మీదకి వచ్చింది.

మూడున్నరకి జితేంద్ర జంగ్లీఘాట్లో, ధరణి ఇల్లు ఉండాల్సిన చోట, మోకాలిలోతు బురదలో నిలబడి ఉన్నాడు. అక్కడ గోడ లేదు. అడగడానికి మనిషి లేడు.

మూడో రోజున ఒక స్కూల్లో పెట్టిన శిబిరంలో ఆమె కనిపించింది. ఎవరిదో పెద్ద చొక్కా వేసుకుని, నేలమీద కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు, ఊర్లు, ఎవరికోసం వెతుకుతున్నారో అన్నీ గుండ్రటి అక్షరాలతో హిందీలో రాస్తోంది. ఆ చొక్కా అంచుని ఆమె తల్లి కాశమ్మ పిడికిట్లో పట్టుకుని ఉంది, వదిలితే పిల్ల ఎటు పోతుందో అన్నట్టు. ఆదివారం తెల్లవారకముందే లోతు నీళ్ళలోకి వెళ్ళిన దాలయ్య పడవ కిందనుంచి అల జారిపోయిందట. తిరిగొచ్చేసరికి అతనికి పడవ ఉంది, ఇల్లు లేదు, ఇంట్లోవాళ్ళున్నారు. చాలని చేతులు జోడించాడు.

ధరణి తలెత్తి జితేంద్రని చూసింది. తన ఇంటి సంగతి చెప్పలేదు. రాసిన కాయితాలు అందించింది.

"కరెంటు వచ్చిందా మీకు? యాభై కాపీలు కావాలి. ప్రతి క్యాంపులో అంటిస్తే ఎవరున్నారో వాళ్ళవాళ్ళకి తెలుస్తుంది."

"రేపు పొద్దునకల్లా తెస్తాను."

అతను వెనక్కి తిరగబోతుంటే మెల్లగా అంది. "ఆదివారం రాలేకపోయాను."

అంత జరిగాక కూడా ఇచ్చిన మాట గుర్తుపెట్టుకున్న మనిషిని జితేంద్ర అంతకుముందు చూడలేదు. ఆ కాపీలు అంటించిన వారంలో ఏడు కుటుంబాలు ఒకరినొకరు కలుసుకున్నాయని తర్వాత ఎవరో చెప్పారు.

సముద్రం కనిపించే చోట ఇక ఉండనంది కాశమ్మ. సముద్రానికి దూరంగా పోవాలంటే మూడు రోజులు సముద్రం మీదే ఓడలో పోవాలి. విశాఖపట్నం వెళ్ళేదాకా ఆమె కళ్ళు తెరవలేదట. ధరణి తల్లితో వెళ్ళిపోయింది, దాలయ్య పడవతో ఇక్కడే ఉండిపోయాడు. అడ్రసు అడిగే ధైర్యం జితేంద్రకి చాల్లేదు.

రెండేళ్ళు గడిచాయి.

ఈ రెండేళ్ళలో అతనికి తెలిసిన సంగతి ఒకటి. మొదటి పున్నమికి మిన్నీ బే వెళ్ళి నిలబడ్డాడు. టైమయింది. నీళ్ళు కొంచెం తగ్గి ఆగిపోయాయి. రాళ్ళు పైకి రాలేదు. చీకటిపడేదాకా చూశాడు, రాలేదు. భూకంపానికి ఊరి నేలే మీటరు దాకా కుంగిందని తర్వాత తెలిసింది. ఒకప్పుడు చెప్పుల్లేకుండా నడిచిన చోట ఇప్పుడు నడుములోతు నీళ్ళు.

రాళ్ళు పోయినందుకన్నా అతన్ని ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. ఆరేళ్ళు ఊరంతటినీ పిలిచాడు, ఒక్కరూ రాలేదు. ఇప్పుడు ఈ ఊళ్ళో 'ఆ రాయి గుర్తుందా' అని అడగడానికి ఒక్క మనిషి లేడు. తనొక్కడి కళ్ళల్లో తప్ప ఆ చోటు ఇంకెక్కడా లేదు.

చిట్టీలు ఆపేశాడు.

"ఏరా, ఈ నెల కాయితం ఇవ్వలేదు?" అన్నాడు టైటస్.

"ఎందుకు, టేబుల్ ఊగుతోందా?"

"ఊగుతోందిరా," అన్నాడు టైటస్, అతని ముఖం చూడకుండా.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, వాన లేదు గానీ, షాపు గుమ్మంలో అదే జడ కనిపించింది.

"ఒక్కోటి ఎన్ని కాపీలు?" అన్నాడు జితేంద్ర. తెలివిగా మాట్లాడదామంటే అతని నోటికి దొరికింది అదే.

"కాపీలకి రాలేదు. నాన్న కోసం అమ్మ తిరిగొచ్చింది, డాలీగంజ్లో ఇల్లు తీసుకున్నాం. కిటికీలోంచి సముద్రం కనిపించకూడదని అమ్మ షరతు. స్కూల్లో నా పోస్టు మళ్ళీ ఇచ్చారు." ఊపిరి తీసుకుంది. "ఈ ఆదివారం పున్నమి. మూడున్నరకి వస్తాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికంటారేంటి?"

"వద్దు. ఇప్పుడక్కడ ఏం లేదు."

ధరణి ముఖంలో వెలుగు తగ్గింది. "అయిదు నెలలు వెంటపడి పిలిచారు. ఓడ దిగి వస్తే ఇప్పుడు వద్దా? సరే. పెళ్ళయిందా?"

"ఎవరికి?"

"మీకే."

"అయ్యో, లేదండీ. రాళ్ళు మునిగిపోయాయి."

"రాళ్ళు మునిగితే నన్ను వద్దంటారా?"

గోడ అవతలనుంచి టైటస్ కేకేశాడు. "దీదీ, వాడొస్తాడు. నేను పంపిస్తాను. ఈ ఒక్కసారి నా మాట నమ్మండి, పక్కా."

ఆదివారం మూడు గంటలకే జితేంద్ర మిన్నీ బేలో ఉన్నాడు. ఒడ్డున పాత మెట్లు నాలుగు నీళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. సరిగ్గా మూడున్నరకి ధరణి వచ్చింది. మొదట సముద్రం వైపు చూడలేకపోయింది. అతని పక్కన మెట్టుమీద కూర్చుని, తన పాదాలు చూసుకుంది. కాసేపటికి నీళ్ళు చూసింది. అతను తొందరపెట్టలేదు.

"అదిగో, అక్కడుండేవి," అన్నాడు చివరికి. "మీకెలా చెప్పాలో తెలీదు. చూసి ఉంటే..."

"ఎడమపక్క బల్లపరుపు రాయి. దాని కింద నీలం నక్షత్రం, ఒక కాలు పొట్టి."

జితేంద్ర ఆమె వైపు తిరిగాడు.

"కొంచెం ముందుకెళ్తే రాయిలో ఇరుక్కున్న పెద్ద గుల్ల," అంది ధరణి, నీళ్ళమీంచి చూపు తిప్పకుండా. "ఊదారంగు పెదాలు. నా నీడ పడగానే మూతి ముడిచేసింది. కట్టుడుపళ్ళు తీసేశాక మా నాయనమ్మ ఎరుకమ్మ అలాగే ముడిచేది. నేనొక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను."

"ఎప్పుడు?"

"నవంబర్లో. ఎర్రగీత ఉన్న రోజున. పిచ్చివాడితో వెళ్ళేముందు చోటెలాంటిదో చూసుకోవద్దా? ముందే చెప్తే మీకు మొదటిసారి చూపించే సంతోషం పోతుందని చెప్పలేదు."

జితేంద్ర నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "దాని పేరు సింహాచలమ్మ. మా అమ్మమ్మ పేరు. ఆవిడకీ పళ్ళు లేవు."

"కాదు. ఎరుకమ్మ."

"నేను ఆరేళ్ళు అలాగే పిలిచాను."

"అది పలికిందా మీకు?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో అతను అనేశాడు. "ఈ చోటు నాకొక్కడికే గుర్తుందనుకున్నాను, ధరణీ. ఇన్నాళ్ళూ అదే దిగులు."

"ఇద్దరికి," అంది ఆమె. "ఇంక ఎప్పటికీ ఇద్దరికే. సరేనా?"

జితేంద్ర సరేనని తలూపాడు.

"అయితే వచ్చే ఆదివారం మా ఇంటికి. క్యారమ్స్. మళ్ళీ చూద్దామంటే ఊరుకోను."

దాలయ్య బోర్డు మీద పౌడరు చల్లి సిద్ధంగా కూర్చున్నాడు. మూడు ఆటలాడితే జితేంద్ర మూడూ ఓడిపోయాడు. ఒక్క కాయిన్ కూడా పాకెట్లో పడలేదు, స్ట్రైకర్ మాత్రం నాలుగుసార్లు పడింది.

"గురి లేదు," అన్నాడు దాలయ్య కూతురితో. "కానీ ఓపికుంది. ఓడతన్నాడు, లేవట్లేదు." అతని వైపు తిరిగాడు. "ఏటి బాబూ, సముద్రాన్ని ఊరికినే సూడ్డానికి ఎల్తావట?"

"అవునండీ. ఇప్పుడు కనపడదు గానీ. నడుములోతు నీళ్ళు."

"పైనుంచి సూస్తే ఎలా కనబడద్ది? గాలికి నీళ్ళు ముడతలు పడతాయి గదా." కాసేపు ఆలోచించాడు. "నీ దగ్గర మందం అద్దం ముక్క ఏదైనా ఉందేటి?"

బోర్లాపడిన పాత జెరాక్స్ మిషన్ అద్దంలో పెద్ద ముక్క షాపు మూల ఇంకా ఉంది. నెలనెలా చిట్టీలు బోర్లించిన అద్దమే అది. దాలయ్య దాన్ని కోయించి, నూనె డబ్బా పైభాగం, అడుగు తీసేసి అడుగున బిగించి, చుట్టూ నీళ్ళు దిగకుండా ఎమ్‌సీల్ పట్టించాడు. కాశమ్మ మాట్లాడకుండా ఆ పనంతా చూసింది. వాళ్ళు బయల్దేరేటప్పుడు ముగ్గురికీ మూడు తువ్వాళ్ళు తెచ్చి ఇచ్చింది.

"సీకటి పడకుండా వచ్చీండి," అంది జితేంద్రతో. "అల్లుడికైనా అదే సెప్తాను."

మిన్నీ బేలో మూడున్నరకి నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. ధరణి ఒక చేత్తో తండ్రి భుజం, ఒక చేత్తో జితేంద్ర చెయ్యి పట్టుకుని దిగింది. "ముందు నాన్న చూడాలి," అంది. జితేంద్ర చోటు చూపించాడు. దాలయ్య డబ్బా నీళ్ళమీద ఆనించి వంగాడు.

ముప్పై రెండేళ్ళు ఆ నీళ్ళమీద బతికిన మనిషి. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నాన్నా, ఏం కనిపించింది?"

డబ్బాలోంచి గొంతు వినిపించింది, గుండ్రంగా, చిన్నగా.

"అచ్చం మా యమ్మేనే."

ధరణి జితేంద్ర వైపు చూసి కళ్ళెగరేసింది. అతను రెండు చేతులూ ఎత్తి ఓడిపోయానన్నాడు.

"నాన్నా, ఇంక మా వంతు."

"ఉండమ్మా," అన్నాడు దాలయ్య, తల ఎత్తకుండా. "మూతి ఇప్పుడిప్పుడే తెరుస్తంది."