నూరేళ్లు అనకూడని పార్టీ

ప్రయోగానికి అనుమతి వచ్చిందన్న కబురు ఉదయం పదీ ఐదుకి అందింది. పదీ ఆరుకి అత్తగారు ఫోన్ పెట్టేసి, "మొదటి సూది నాకే," అన్నారు.

ముసలితనానికి మందు కనిపెట్టాలన్న ఒకే ఒక్క డిమాండుతో పుట్టిన పార్టీ ఆవిడది. రోడ్లు, నీళ్లు, పన్నులు ఆ పార్టీకి పట్టవు.

కోడలు కాపురానికొచ్చి పన్నెండు రోజులు. పొద్దున ఆఫీసుకి పోతూ పోతూ మొగుడు మోకాళ్ల మీద కూర్చుని ఆమె బూటు లేసులు ముడి వేసి వెళ్లిన సంతోషం ఇంకా దిగలేదు. ఆ ఊపులోనే, "నిండు నూరేళ్లు ఉండండి అత్తయ్యా," అనేసింది.

"శాపనార్థాలు పెట్టకు. నాకు అరవై ఎనిమిది. నూరంటే ఇక ముప్పై రెండేగా? మా పార్టీలో ఆ మాట పొరపాటున కూడా ఎవరి నోటా రాదు."

కోడలి చేతి గడియారం రెండుసార్లు కంపించింది. ఇంట్లోవాళ్ల లెక్కన ఆమె జీవిత బీమా ఆఫీసులో గుమాస్తా. నిజానికి ఆమె పని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో, అక్కడ ఆమె పేరు చీమ.

కిటికీలు లేని గదిలో కూర్చున్న పెద్దాయన ఆమె బాస్. నమస్కారాలు లేకుండానే మొదలుపెట్టాడు.

"నాలుగింటికి, కెమెరాల ముందు, మొదటి ఇంజెక్షన్. ముడతల క్రీములమ్ముకునే విదేశీ ముఠా ఆ మందు సీసా మార్చి విషం పెట్టబోతోంది. మనిషి వేదిక మీదే పోతుంది. దాంతో పరిశోధన కూడా."

"సభ ఆపేయండి."

"ఆపితే ముఠా మనిషి జారిపోతాడు. పార్టీ కార్యదర్శి, ఎప్పుడూ మెడలో ముత్యాల దండ వేసుకునే ముత్యాలావిడ, మన ఇన్‌ఫార్మర్. పార్టీ అంటే ప్రాణం, అందుకే మనకి చెబుతోంది. ఆవిడ అనుమానం డాక్టర్ మీద. నువ్వు అతన్నే చూస్తూ ఉండు."

"ఒక పెద్దావిడని ఎరగా కడుతున్నారన్నమాట."

"వాలంటీరేగా."

"మా అత్తగారు."

పెద్దాయన నమలుతున్న పెన్సిల్ ఆగిపోయింది. చీమ బల్ల మీది నర్సు యూనిఫాం, మాస్కు లాక్కుంది. పక్కనే ఒక తెల్ల కర్చీఫ్. విషం తగిలితే ఊదారంగుకి మారుతుంది. తలుపు ఆమె వెనక ఎంత గట్టిగా పడిందంటే, గోడ మీది మ్యాప్ ఊడి కింద పడింది.

మూడూ యాభై. వేదిక వెనక గది. డాక్టర్ చేతులు వణుకుతున్నాయి. చీమ చూపు ఆ చేతుల మీదే. ముత్యాలావిడ సీసా ఉన్న ట్రే పట్టుకుని, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టు నిలబడింది. అత్తగారు లోపలికి వచ్చారు.

"ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం," ముత్యాలావిడ నవ్వింది. "మీకు నూరేళ్లు."

డాక్టర్ తలెత్తాడు. అత్తగారి మొహం మాడిపోయింది. ముత్యాలావిడకి మాత్రం తనేమన్నదో తెలియనే లేదు.

చీమ ఒళ్లు భగ్గుమంది. పార్టీ ప్రాణమైన మనిషి ఆ మాట అనదు. ప్రేమ అబద్ధం. డాక్టర్ మీద అనుమానం తన చూపు మళ్లించడానికి. కానీ ట్రే అప్పటికే వేదికెక్కింది, మెట్ల దగ్గర కెమెరావాళ్లు గోడ కట్టారు. ఆమె మోచేతులతో పొడుచుకుంటూ వెళ్లింది. సూది చర్మానికి వేలెడు దూరంలో ఉండగా కర్చీఫ్ అడ్డం పెట్టింది.

"ముందు ఒక చుక్క ఇక్కడ, డాక్టర్."

చుక్క పడింది. కర్చీఫ్ ఊదారంగుకి తిరిగింది.

ముత్యాలావిడ పరిగెత్తింది. మూడో మెట్టు మీద చీమ ఆమె చెయ్యి వెనక్కి విరిచింది. ముత్యాలు జలజలా రాలాయి.

"వదులు. అరవై ఎనిమిదేళ్ల ముసలిది, ఎలాగూ పోయేదేగా."

"ఎప్పుడు పోవాలో చెప్పడానికి నువ్వెవతివి?" చీమ పట్టు బిగించింది. కాలర్ మైకులో కోడ్ చెప్పింది: "టీ చల్లారింది." డిపార్ట్‌మెంట్ మనుషులు నాలుగు వైపుల నుంచీ వచ్చారు. అసలు సీసా ముత్యాలావిడ హ్యాండ్‌బ్యాగ్‌లో, క్రీము డబ్బాల మధ్య దొరికింది.

హాలు ఖాళీ అయ్యాక అత్తగారు నర్సు కాళ్ల వైపు చూశారు.

"ఆ బూటు ముడి ఎవరు వేశారమ్మా?"

నర్సు కాలు వెనక్కి లాక్కుంది.

"మూడు చుట్లు. ఆరేళ్లప్పుడు మావాడికి నేనే నేర్పాను." ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకున్నారు. "జీవిత బీమా అంటే కాగితాల పనే అనుకున్నాను. రేపు పదింటికి మళ్లీ సూదట. ఈసారి మాస్కు లేకుండా రా."