చిగుళ్ళ మాటున

తన భర్త తనకు తెలియకుండా తీపి తింటున్నాడా?... ఈ అనుమానం ఆమెను ఏళ్ళ తరబడి తొలిచేస్తూనే ఉంది. ఉండబట్టలేక ఆయన్ని దొంగ అని దెప్పేది కూడా. అన్నం కొలిచి వడ్డించేది. చక్కెర డబ్బాను ఇంట్లోంచే సాగనంపింది. మాత్రలు అరచేతిలో పెట్టి, ఆయన మింగేదాకా కదిలేది కాదు. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ రక్తంలో చక్కెర పైపైకే! "స్వామీ! లోపం నా వంటలో ఉందా, ఆయన బుద్ధిలో ఉందా? ఏదో ఒకటి తేల్చు తండ్రీ!" అని దణ్ణం పెట్టుకుని ఏడ్చేది. దేవుడు తేల్చలేదు. ఎందుకు తేల్చడో ఆమెకు అర్థమూ కాలేదు.

ఇప్పుడు ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కుట్టుమిషను తొక్కుతుంటే బొటనవేలు ఒరుసుకుని చిన్న పొక్కు లేచింది. అదే పుండై, నల్లబడి, పాదంలోకి పాకింది. "చక్కెర దిగితేనే ఇది మానుతుంది. లేకపోతే పాదం తీసెయ్యాల్సి రావచ్చు" అనేసి పెద్ద డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. పాదం తీసేస్తే దర్జీకి ఇంకేం మిగులుతుంది? ఆ పాదం ఆడితేనే మిషను ఆడేది... మిషను ఆడితేనే ఇల్లు గడిచేది!

కబురు తెలిసి వచ్చిన ఆడపడుచు వార్డు గుమ్మంలోనే అందుకుంది. "ఇన్నేళ్ళు నా తమ్ముడి నోరు కట్టేసి నువ్వు సాధించింది ఇదేనా తల్లీ?"

"నేను కట్టేశాను సరే వదినా! ఆయన ఎక్కడ విప్పుకున్నారో అది కూడా అడగండి!"

మాట నోరు జారిపోయింది. భర్త కళ్ళు మూసుకున్నాడు.

ఆమె అనుమానం ఊరికే పుట్టలేదు. ఆయన పొద్దస్తమానం పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చేవాడు. బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది. మిఠాయి వాసన పోగొట్టుకోవడానికి కాకపోతే ఇదంతా ఎందుకు? "నువ్వూ నా పక్కన కూర్చుని తినవే, ఒక్కణ్ణే తినబుద్ధి కాదు" అని ఆయన బతిమాలేవాడు. "రేపు చూద్దాం లెండి" అంటూ ఆమె గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడేది. ఆ రేపు రానేలేదు.

ఆస్పత్రిలో వాళ్ళు పెట్టిందే తిండి. సూది మందు వేళకి పడుతోంది. ఆమె మంచం విడిచి కదలలేదు. అయినా చక్కెర అనుకున్నంత దిగలేదు! ఇక్కడ ఏ మిఠాయి తిన్నాడని?

ఒంట్లో ఇంకెక్కడైనా పుండు దాగి ఉందేమోనని చివరికి పళ్ళ డాక్టరమ్మను పిలిపించారు. ఆవిడ చిగుళ్ళను వేలితో ఇలా నొక్కగానే చీము బయటికొచ్చింది.

"రక్తం ఎన్నాళ్ళ నుంచి వస్తోందండీ?"

"దారం కొరికేవాడి చిగుళ్ళకి రక్తం రాక పాలు వస్తాయా డాక్టరమ్మా!" అని నవ్వబోయాడు ఆయన. "మా పనిలో అందరికీ ఉండేదే."

ఆ హాస్యానికి ఒకప్పుడు ఆమె కూడా నవ్విన మనిషే! ఆయన దారం కొరుకుతుంటే ఎవరిదో తెల్ల చొక్కా మెడపట్టీ మీద ఎర్రటి చుక్క పడితే చన్నీళ్ళతో ఉతికి ఇచ్చింది తనే. ఆ తర్వాతే ఆయన పుక్కిలించడం, బుగ్గన లవంగం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. రోగం కళ్ళెదుటే కూర్చుని ఉంటే, తను మిఠాయి దొంగను వెతికింది!

"ఇది దారం వల్ల కాదు, చిగుళ్ళ జబ్బు" అంది డాక్టరమ్మ. "చక్కెర పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి. చిగుళ్ళు చీము పడితే చక్కెరను దిగనివ్వవు. రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటాయమ్మా! అన్నిటికీ ఇదొక్కటే కారణమని అనను. కానీ దీన్ని వదిలేస్తే మీ పథ్యానికి తగిన ఫలితం దక్కదు. లోపల శుభ్రం చేసి, కదిలిన పళ్ళు తీసేయాలి."

"మరి... పాదం?"

డాక్టరమ్మ చేతి తొడుగులు నెమ్మదిగా విప్పింది. "ముందే వచ్చుంటే బాగుండేది... చూద్దాం."

ఆవిడ వెళ్ళాక ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "తినలేదని గట్టిగా చెప్పొచ్చు కదండీ! దొంగ అని ఎన్నిసార్లన్నాను... ఎలా పడ్డారు?"

"మొదట్లో చెప్పాను, నువ్వు నమ్మలేదు. తర్వాత నేనే ఊరుకున్నాను." ఆయన ఆమె వేళ్ళు నిమిరాడు. "నేను తింటున్నాననుకుంటే నీకు కోపమొచ్చేది. మాన్పిస్తే తగ్గుతుందన్న ఆశ ఉండేది. తినకపోయినా దిగట్లేదని తెలిస్తే... నువ్వేమైపోతావే పిచ్చిదానా!"

ఆమె మంచం పట్టీకి నుదురు ఆనించి కుమిలిపోయింది. గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆడపడుచు పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్ళు తీశారు. చిగుళ్ళు కడిగారు. చక్కెర కాస్త దిగింది... కాస్తే! పాదం సంగతి మాత్రం ఎవరూ ఏమీ చెప్పడం లేదు. కట్టు విప్పి చూస్తారు, మొహాలు చూసుకుంటారు, మళ్ళీ కట్టు కడతారు. అడిగితే "రేపు" అంటారు. ఆ మాట ఇంత బరువైనదని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం జావ వచ్చింది. ఆడపడుచు రెండో గిన్నె తెచ్చి మరదలి చేతిలో పెట్టింది. "నువ్వూ తిను తల్లీ" అంది మెల్లగా.

ఆమె మంచం మీద ఆయన పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"ఇవాళ కాపలా లేదా?" సగం పళ్ళు పోయిన నోటితో ఆయన అడిగాడు.

"లేదండీ..."

ఉప్పు లేని ఆ జావను ఆయనతో పాటే నోట్లో పెట్టుకుంది. మధ్యలో లేవలేదు... ఆయన గిన్నె ఖాళీ అయ్యేదాకా, పక్కన కూర్చునే తింది.